బండి మీంచి పడి, ఇంట్లో జారినవాళ్లు

మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నామని చెప్పే పిల్లలు ఈమధ్య రాజమండ్రిలో వీధికి ఇద్దరు తగులుతున్నారు. నేను ఆ పనిలోనే రిటైరయ్యానని తెలియగానే ఇంటికి వచ్చి కూర్చుంటారు. ఏ పరీక్ష రాయాలండి, ఏ కంపెనీ మంచిదండి, ఇంటి దగ్గర కూర్చుని చెయ్యొచ్చాండి అని అడుగుతారు. వాటికి నా దగ్గర జవాబులు లేవు. ఉన్నా అవి ఏడాది తిరిగేసరికి పాతబడతాయి. ఆ పని లోపల ఏముంటుందో మాత్రం చెప్పగలను. చెబితే కాఫీ అయ్యేదాకా వింటారు, తరవాత ఫోన్ తీస్తారు. అందుకని రాసి పెడుతున్నాను. ఓపిక ఉన్నవాళ్లు చదువుకుంటారు.

ధైర్యం చెప్పే మాటలు కావాలంటే మాత్రం ఇక్కడ దొరకవు. నా ఉద్యోగం మంచి ఉద్యోగమే, నా మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ ఏ పని కోసం నేను ఆ కుర్చీలో కూర్చున్నానో ఆ పని జరగలేదు. జరగకపోవడానికి దుర్మార్గులెవరూ కారణం కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

విరిగిందేమిటి, విరిగిందెలా

ఆస్పత్రిలో చేరిన మనిషి ఇంటికి వెళ్లాక అతని కేస్ షీటు రికార్డు గదికి వస్తుంది. డాక్టర్లు రాసిందంతా చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి దెబ్బకీ ప్రపంచమంతా వాడే ఒక నంబరు వెయ్యడమే కోడింగ్. దెబ్బలు తగిలినవాళ్లకి రెండు రకాల నంబర్లు వెయ్యాలి. ఏ ఎముక విరిగిందన్నది మొదటిది. ఎలా విరిగిందన్నది రెండోది. మొదటిదాన్ని అందరూ చూస్తారు, ఇన్సూరెన్సు వాళ్లయితే భూతద్దం పెట్టి చూస్తారు. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. చాలా ఆస్పత్రుల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పేవారు. "అమ్మాయ్, మొదటి నంబరు రోగికి పనికొస్తుంది, రెండోది ఊరికి పనికొస్తుంది. బండి మీంచి పడి కాళ్లు విరిగేవాళ్లు ఎక్కువైతే డాక్టర్లని పెంచడం కాదు, రోడ్డు బాగుచెయ్యాలి. ఆ సంగతి చెప్పేది మనమే." ఆయన మాట పట్టుకుని నేను ఆ రెండో గడి ఎప్పుడూ ఖాళీగా వదల్లేదు.

బండి దెబ్బలంటే హైవే మీద లారీ గుద్దడమే అనుకుంటారు బయటివాళ్లు. మా దగ్గరికి వచ్చేవాటిలో సగం ఎవరూ ఎవరినీ గుద్దనివే. పక్కకి తిరిగి కూర్చున్న ఆవిడ, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి వెనక్కి పడుతుంది. చీర కొంగు చక్రంలో చిక్కుతుంది. ముందు నిలబెట్టుకున్న పసివాడి గడ్డం హ్యాండిల్‌కి తగిలి పళ్లు రాలతాయి. కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండర్, వెనక భార్య, ఆవిడ ఒళ్లో పిల్ల, ఇంతమందిని మోసే బండి ఇసక మీద జారుతుంది. ఇక ఇప్పుడొచ్చిన బ్యాటరీ బండ్లు మరో రకం. చప్పుడు ఉండదు కాబట్టి గేదె పక్కకి తప్పుకోదు, ముసలివాళ్లకి వినపడదు. బండి తేలిక కాబట్టి వెనక బరువు కడితే ముందు చక్రం తేలిపోతుంది. లైసెన్సు అక్కర్లేదని చెప్పి అమ్ముతారు కాబట్టి నేర్చుకోకుండానే ఎక్కేస్తారు.

మా కోడ్ల పుస్తకంలో వీటన్నిటికీ కలిపి దాదాపు ఒకటే నంబరు, వి ఇరవై ఎనిమిది. నడిపింది ఎవరో, వెనక కూర్చుంది ఎవరో చివరి అంకె చెబుతుంది. కొంగుకి వేరే నంబరు లేదు, బ్యాటరీకీ లేదు. ఏ ఊళ్లో ఏ మలుపో చెప్పే చోటు అసలే లేదు.

అమెరికా వాళ్ల బండ్లు

మధ్యలో కొన్నేళ్లు ఆస్పత్రి మానేసి, అమెరికా ఆస్పత్రుల కాగితాలకి కోడ్లు వేసే కంపెనీలో చేశాను. నాతో చేసినవాళ్లంతా జంగారెడ్డిగూడెం, సామర్లకోట నుంచి వచ్చిన పిల్లలు. స్కూటరు అని కనపడగానే మన వీధుల్లో తిరిగే బండే అనుకుని మోటారు సైకిలు నంబరు వేసేసేవారు. అక్కడ స్కూటరంటే నిలబడి నడిపే సన్నటి బండి, దాని ఫొటో తెప్పించి గోడకి అంటించాల్సి వచ్చింది. ఏ బండో కళ్లకి కట్టకుండా నంబరు వెయ్యకండి అన్నది ఆ గోడ నేర్పిన పాఠం. అక్కడితో ఆ పొరపాటు సర్దుకుంది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరే. అక్కడ పడినవాడు అన్నీ చెప్పేస్తాడు. నిలబడే స్కూటరు మీద వెళ్తున్నాను, చేతిలో ఫోను ఉంది, ఫుట్‌పాత్ అంచు తగిలింది, పడ్డాను, అని. డాక్టరు దాన్ని ఉన్నదున్నట్టు రాస్తాడు. అలా రాయగా రాయగా ఆ బండికి వాళ్ల పుస్తకంలో సొంత నంబరు వచ్చింది. అది చూసి నాకు ఆశ పుట్టింది. మన దగ్గరా ఇలాగే చెయ్యొచ్చనుకుని తిరిగి ఆస్పత్రికి వచ్చి చేరాను. ఇంతకన్నా తెలివితక్కువ నిర్ణయం నేను చెయ్యలేదని మావారు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

క్యాజువాలిటీలో మొదటి ప్రశ్న

మన క్యాజువాలిటీలో ఎలా తగిలిందండి అని అడగ్గానే ఏం జరుగుతుందో మీరు చూడాలి. తెచ్చినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. వాళ్లలో పెద్దాయన ముందుకొచ్చి, "ఇంట్లో జారిపడ్డాడండి" అంటాడు. ఒకసారి ఒక కుర్రాడి మోచేతి నిండా కంకర. చొక్కాకి తారు. బాత్‌రూంలో జారాడన్నారు. నేను అక్కడే ఉండి, బాత్‌రూంలో కంకర ఎందుకు పోయించారండి అన్నాను. వాళ్ల బాబాయి తడుముకోకుండా, "కొత్తిల్లు కడతన్నామండి, ఆయ్" అన్నాడు. నర్సులంతా నవ్వారు. నేనూ నవ్వాను. కేస్ షీటులో బాత్‌రూం అనే రాశారు.

వాళ్లు అబద్ధాలకోరులై కాదు. రోడ్డు ప్రమాదమని రాస్తే ఆస్పత్రి పోలీసులకి కబురు పెట్టాలి. కానిస్టేబులు వస్తాడు, వాంగ్మూలం తీసుకుంటాడు, బండి స్టేషనుకి పోతుంది. దానికి కాగితాలు ఉండవు. నడిపింది సొంత తమ్ముడో మరదలో అయితే కేసు వాళ్ల మీదే. మనిషి పోతే పోస్టుమార్టం. ఇన్ని గొడవలు ఒక్క మాటతో తప్పుతాయంటే ఎవరు చెప్పరు? మా జిల్లాల్లో అది అబద్ధం కింద లెక్క కాదు, మర్యాద. తెచ్చినవాళ్లు పడిపోయినవాళ్లకి చేసే మొదటి సాయం అదే.

ఇక కోడరుకి ఒక నియమం ఉంది. డాక్టరు రాయనిది కోడరు వెయ్యకూడదు. నువ్వు కళ్లారా చూసినా సరే, చెవులారా విన్నా సరే. ఆ నియమం మంచిదే. అది లేకపోతే తోచినవాళ్లు తోచింది వేసేస్తారు. కాబట్టి బాత్‌రూం అని రాసి ఉంటే నేను ఇంట్లో జారిపడిన నంబరే వేసేదాన్ని.

మా సూపరింటెండెంటు రామ్మోహన్ గారు ఎముకల డాక్టరు. చెయ్యి చాలా మంచిది. ఆయన ముందు ఈ సంగతి పెట్టాను. ఆయన ఎక్స్‌రే ఒకటి లైటుకి ఎత్తి చూస్తూ, "భ్రమరాంబ గారూ, ఇది బాత్‌రూంలో పడితే విరిగే తీరు కాదని నేను చూడగానే చెప్పగలను. నిలదీశాననుకోండి, ఏం చేస్తారు? రోగిని ఎత్తుకుని ఇంకో ఆస్పత్రికి పోతారు. ఈలోపు కాలికి రక్తం ఆగుతుంది. మీకు సరైన నంబరు కావాలా, వాడికి కాలు కావాలా?" అన్నారు.

ఆయన మీద కోపం వచ్చింది. కానీ ఆయన మాటలో తప్పు వెతికితే దొరకలేదు. మీకూ ఇలాంటి బాసులు దొరుకుతారు. చెడ్డ బాసుతో దెబ్బలాడొచ్చు, సరిగ్గా మాట్లాడే బాసుతో ఏం చేస్తాం?

వీర్రాజు గారు

ఒకరోజు పొద్దున్నే ఒకాయన రికార్డు గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. ఇక్కడ చెప్పులు విప్పక్కర్లేదండి అంటే, పర్వాలేదండి అన్నారు. పేరు వీర్రాజు. గోదావరిలో వల వేసుకునే కుటుంబం. ఆయన పట్టిన చేపల్ని భార్య నూకరత్నం బ్యాటరీ బండి వెనక ఐసుపెట్టె కట్టుకుని ఊళ్ల వెంట అమ్మేది. వాళ్ల ఊరి నుంచి బయటికి కాలువ గట్టు మీద రోడ్డు ఒకటే దారి. కోళ్లఫారం దగ్గర గట్టు వంపు తిరిగేచోట కల్వర్టు ఉంది. దాని పిట్టగోడ ఏదో వరదలో ఒకవైపు కూలిపోయింది, మళ్లీ ఎవరూ కట్టలేదు. ఎదర ట్రాక్టరు వస్తే పక్కకి తియ్యాలి. తీస్తే పక్కన ఏమీ లేదు.

ఎండాకాలం కాలువ కట్టేసిన రోజుల్లో నూకరత్నం అక్కణ్ణుంచి బండితో సహా కింద రాళ్ల మీద పడింది. నీళ్లుంటే తడిసి లేచేదేమో. తలకి దెబ్బ. మా ఆస్పత్రిలోనే కొన్నాళ్లు ఉంది. ఇక లాభం లేదన్నాక ఇంటికి తీసుకెళ్లారు, అక్కడ పోయింది.

"ఇప్పుడు మా అమ్మాయి దుర్గ ఆ బండి మీదే ఎల్తందండి," అన్నారు వీర్రాజు గారు. "నర్సింగు చదువుకుంటంది. పొద్దున్నే చేపలు అమ్మేసి కాలేజీకి పోద్ది. రోజూ ఆ కల్వర్టు దాటాలండి. దాటేదాకా నాకు ముద్ద దిగదు. ఆ పిట్టగోడ ఒక్కటీ కట్టించేస్తే చాలండమ్మా. ఇంకేం వద్దు."

ఆయన ఆఫీసులన్నీ తిరిగారు. గట్టు ఒక శాఖదట, తారు ఇంకో శాఖదట. చివరికి ఒక ఇంజినీరు కాస్త మంచిగా మాట్లాడి, "అక్కడ ప్రమాదాలు జరిగినట్టు మా దగ్గర ఏమీ లేదయ్యా. ఆస్పత్రి నుంచి రాయించుకురా, పైకి పంపుతాను" అన్నాడట. అందుకని మా దగ్గరికి వచ్చారు.

నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్లలో ఎలా విరిగిందన్న నంబరు కావాలని వచ్చిన మొదటి మనిషి ఆయన. కుర్చీ వేసి కూర్చోబెట్టి కంప్యూటర్లో ఆ ఊరి పేరు కొట్టాను.

ఊరు చిన్నది. దెబ్బలతో వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మెట్ల మీంచి జారినవాళ్లు, బాత్‌రూంలో జారినవాళ్లు, మంచం మీంచి పడినవాళ్లు, కొబ్బరిచెట్టు మీంచి పడిన ఆడమనిషి ఒకావిడ. రోడ్డు మీద పడినవాళ్లు లేరు. నూకరత్నం పేరు వచ్చింది. పక్కన నంబరు డబ్ల్యూ సున్నా ఒకటి, చివర సున్నా. ఇంటి దగ్గర, కాలు జారి.

"వీర్రాజు గారూ, మీ ఆవిడ పెరట్లో జారిపడిందని ఉందండి ఇక్కడ."

ఆయన లేచి వచ్చి కంప్యూటర్లోకి తొంగి చూశారు. 

"ఎవరు చెప్పారో తెలుసాండి ఆ మాట?" అని మెల్లిగా అడిగాను.

"నేనేనండి," అన్నారు. "పోతే కోస్తారన్నారండి. దాన్ని కొయ్యనియ్యకూడదనుకున్నాను. ఇలా గోడకి అడ్డమొస్తాదని నాకేం తెలుసండి?"

ఆయన ఏడవలేదు, నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు మార్చి రాయండమ్మా అన్నారు. మార్చడానికి వీల్లేదని, అప్పుడు రాసిన డాక్టరు కూడా ఇప్పుడు ఇక్కడ లేడని చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, ఇక్కడ ఆకులు కూడా లేవు. "అయితే ఇక ముందు వచ్చేవాళ్లవైనా సరిగ్గా రాయించండమ్మా, మా ఊళ్లో నేను చెప్పుకుంటాను" అని వెళ్లిపోయారు.

డాక్టర్ శిరీష

అప్పుడే కొత్తగా డాక్టర్ శిరీష అనే అమ్మాయి డ్యూటీ డాక్టరుగా చేరింది. ఎవరితోనైనా కలుపుగోలుగా ఉండేది. మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేర్చుకునేటప్పుడు ఎవరూ నిజం చెప్పరు. మర్నాడు నొప్పి తగ్గి ఇడ్లీ తింటున్నప్పుడు చెబుతారు. ఆ వేళ చూసి నేను వార్డుకి వెళ్లి కబుర్లలో పెట్టేదాన్ని. "ఏ బండండి? ఎవరు నడిపారు? ఏ మలుపు?" చెప్పేసేవారు, నవ్వుతూ మరీ చెప్పేవారు. తరవాత శిరీష వెళ్లి తను మళ్లీ అడిగి, కేస్ షీటులో రాసేది. డాక్టరు రాసింది కాబట్టి నేను నంబరు వేసేదాన్ని. కల్వర్టు పేరు కూడా ఆ అమ్మాయి రాతలో ఉండేది.

నా ఉద్యోగంలో నేను సంతోషంగా పనిచేసిన రోజులు ఏవంటే అవే. వీర్రాజు గారు కూడా వాళ్ల ఊళ్లో అందరికీ చెప్పారు. దెబ్బలు తగిలితే దాచకండ్రా, రాయించండి, మన గోడ కోసమే అని.

అది ఎంతోకాలం సాగలేదు. ఆ ఊరి కుర్రాడొకడు అదే కల్వర్టు దగ్గర పడి దవడ విరగ్గొట్టుకుని వచ్చాడు. వెనక కూర్చున్న అతని బావకి చెయ్యి విరిగింది. శిరీష ఉన్నదున్నట్టు రాసింది. రాశాక పోలీసులకి చెప్పక తప్పదు, చెప్పారు. కానిస్టేబులు తన పని తాను చేశాడు. బండి స్టేషనుకి పోయింది, కేసు కుర్రాడి మీద పడింది. అతని తల్లి వచ్చి ఆస్పత్రి ముందు గదిలో శిరీషని పట్టుకుని, "నీకేం పాపం చేశామమ్మా? నా కొడుకు నోట్లో మట్టి కొట్టావు కదే" అని శాపనార్థాలు పెట్టింది. శిరీష తెల్లబోయి నిలబడింది. నేను అడ్డం వెళ్తే నన్నూ కలిపి తిట్టింది.

ఆ సాయంత్రమే యాజమాన్యం నుంచి ఆర్డరు వచ్చింది. తెచ్చినవాళ్లు మొదట ఏం చెబితే అదే రాయాలి, తరవాత తవ్వకూడదు. అందులో చట్టానికి విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు. శిరీష కొన్ని వారాలు మౌనంగా పనిచేసి, పై చదువుకి చదువుకుంటానని మానేసింది. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందన్నట్టు, ఆ ఊరివాళ్లు మా ఆస్పత్రికి రావడమే తగ్గించారు. వచ్చినా నన్ను చూస్తే మాట మార్చేవారు. ఊళ్లో వీర్రాజు గారితో కొన్నాళ్లు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ కొద్దిరోజుల్లో నమోదైనవి ఎన్ని ఉంటే అన్ని, పేర్లు లేకుండా, రామ్మోహన్ గారి సంతకంతో ఇప్పించాను. పాపం ఆయన చదవకుండానే పెట్టారు సంతకం. వీర్రాజు గారు పట్టుకెళ్లి ఇచ్చారు. ఇంజినీరు చూసి, ఇవి చాలవు, ఇంకొన్ని అయ్యాక రండి అన్నాడట. ఆ మాట నాకు చెబుతూ వీర్రాజు గారు, "ఇంకో నలుగురు పడాలేమోనండి అమ్మగారూ" అన్నారు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే నన్ను అడుగుతున్నట్టు అన్నారు.

దుర్గ

నేను రిటైరయ్యే ఏడాది, ఒక మధ్యాహ్నం క్యాజువాలిటీలో ఏదో కాగితం కోసం దిగాను. స్ట్రెచరు మీద ఒక నడివయసు ఆవిడ కదలకుండా పడుకుని ఉంది. పక్కన ఒక అమ్మాయి ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకుని కూర్చుంది. బట్టలకి మట్టి, చెంప మీద గీతలు. వాళ్ల వెనకాల వీర్రాజు గారు.

డ్యూటీ డాక్టరు ఎలా తగిలిందని అడిగాడు.

"మా డాబా మెట్ల మీంచి ఇద్దరూ జారారండి," అన్నారు వీర్రాజు గారు.

అప్పుడు నన్ను చూశారు. తల దించుకోలేదు. డాక్టరు రాసుకుని వెళ్లాక నా దగ్గరికి వచ్చారు.

"ఏంటి వీర్రాజు గారూ ఇది? మీరేనా?"

"నేనేనండి."

"అక్కడేనా?"

"అక్కడేనండి. ఎదర ఆటో వచ్చిందంట. దుర్గ పక్కకి తీసింది. వెనక కూచుంది మా పక్కింటి సత్యవతండి. దాని నడుం విరిగిందంటన్నారు."

"మరి మెట్లని చెబుతారేంటండి? మీరు కూడా ఇలా చెబితే ఇక ఎవరు చెబుతారు?"

ఆయన గొంతు తగ్గించారు. "బండి నడిపింది నా కూతురండి. రోడ్డని రాస్తే కేసు దాని మీద పడుద్ది. విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది దానికి, ఇంకా చేరలేదు. కేసులేవీ లేవని పోలీసుల దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నారు. సత్యవతి మొగుడు కూడా సరేనన్నాడండి. దాని వైద్యం నేనే చూసుకుంటానని చెప్పాను."

"పిట్టగోడ సంగతి?"

"గోడ కోసం పిల్లని కోర్టులో నిలబెట్టమంటారాండి?" అన్నారు. "మీకూ ఆడపిల్ల ఉంది కదండమ్మా. మీరైతే ఏం చేస్తారు?"

నాకు జవాబు తెలుసు. నేనూ మెట్లనే చెబుతాను.

దుర్గ మా మాటలు వింటూనే ఉంది. "నేను చెప్తానన్నానండి డాక్టరుగారికి," అంది. "నాన్న ఒట్టేయించుకున్నాడు." తరవాత సత్యవతి మూలిగింది, ఆ అమ్మాయి లేచి ఒంటిచేత్తో ఆవిడ తల సర్దింది.

కొన్ని రోజులకి ఇద్దరి కేస్ షీట్లూ నా బల్ల మీదికి వచ్చాయి. మెట్లకి వేరే నంబరు ఉంది, డబ్ల్యూ పది. చివర ఇల్లని సూచించే సున్నా. రెండూ వేసి పక్కన పెట్టాను. డాక్టరు రాసిందాని ప్రకారం అవి తప్పులేని కోడ్లు. ఎవరు ఆడిట్ చేసినా పూర్తి మార్కులు పడతాయి. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినకుండా పడుకున్నాను. సత్యవతి ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేదు.

అడిగినవాళ్లు వచ్చారు

రిటైరయ్యాక నా కుర్చీలోకి ఒక చురుకైన అమ్మాయి వచ్చింది. నేనే నేర్పాను. మొన్నామధ్య ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"మేడమ్, మీరు ఎప్పుడూ చెప్పేవారు కదా, ఎవరైనా అడుగుతారని. అడిగారండి! జిల్లాలో కల్వర్టులూ మలుపులూ బాగుచేస్తారంట. ఎక్కడ ఎక్కువ పడుతున్నారో చూసి అక్కడ ముందు మొదలుపెడతారంట. గత రెండేళ్ల కోడ్లు ఊళ్లవారీగా తీసి పంపమన్నారు. ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా ఉన్న ఆస్పత్రి మనదేనని మెచ్చుకున్నారండి."

వీర్రాజు గారి ఊరి పేరు చెప్పి, అది కూడా చూశావా అని అడిగాను.

"చూశానండి. ఆ ఊరు చాలా సేఫ్ మేడమ్. రెండేళ్లలో ఒక్క రోడ్డు కేసు లేదు. అందుకే లిస్టులో చివరికి వెళ్లిపోయింది. అక్కడ ఇళ్లలో మెట్లే బాగా కట్టుకోరనుకుంటానండి, పాపం."

శిరీష రాసినవి ఆ రెండేళ్లకి ముందువి. ఈ అమ్మాయి తప్పు ఒక్కటీ చెయ్యలేదు. ఇంజినీరు తప్పూ లేదు, ఈసారి ఆయన శాఖే వచ్చి అడిగింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగట్లేదని నేను వాపోయాను. అడిగేసరికి చెప్పడానికి మా దగ్గర ఉన్నది ఇది. బాగా చేశావమ్మా అని ఫోన్ పెట్టేశాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ఆ రెండో గడి ఖాళీగా వదలకండి అని చెప్పాలనే ఉంది. నిండుగా ఉన్న గడి ఖాళీ గడి కన్నా ఎక్కువ నష్టం చేస్తుందని కూడా చెప్పాలి. ఖాళీగా ఉంటే కనీసం తెలియదని తెలుస్తుంది. ఈ రెంటిలో ఏది పాటించాలో మీరే తేల్చుకోండి, నేను తేల్చుకోలేకపోయాను.

దుర్గ విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటోంది. వల పక్కన పెట్టేసి, ఇప్పుడు ఆ బ్యాటరీ బండి మీద వీర్రాజు గారే చేపలు అమ్ముతున్నారు. వారానికోసారి మా వీధికీ వస్తారు. మొన్న వచ్చినప్పుడు గేటు దగ్గర బండి ఆపి, "కల్వర్టులు కడతన్నారంట కదండమ్మా. మా కోళ్లఫారం దాని పేరు వచ్చిందాండి?" అన్నారు.

"రాలేదండి," అన్నాను.

ఎందుకు రాలేదండి అని అడగబోయి ఆగిపోయారు. నా మొహంలోకి చూసి చూపు తిప్పుకున్నారు. ఐసుపెట్టె తాడు బిగించుకుని, బండి ఎక్కి, అదే దారిన ఇంటికి వెళ్లారు.